మనిషొచ్చి కనపడు

మిషను మీద వేలు పెట్టే ముందు యశోదమ్మ నడుముకు దోపుకున్న చిన్న డబ్బీ తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ చిటికెడు బూడిద రాసుకుంది.

"ఓ యమ్మా, ఏం చేస్తాండావు!" గిరిధర్ కుర్చీలోంచి సగం లేచాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆ వార్డు ఆఫీసు మొత్తానికీ ఉన్న ఒక్కగానొక్క వేలిముద్రల మిషను అద్దం మీద తెల్లటి మరక పడింది.

"పట్టు దొరకాలంటే బూడిద ఉండాల్ల గదప్పా," అంది యశోదమ్మ.

ఆమె తప్పు లేదు. ఆ రెండు వేళ్ళతో ఏ పని మొదలుపెట్టినా ముందు బూడిద ముట్టుకోవడం నలభై ఏళ్ళ అలవాటు. ధర్మవరంలో మగ్గం మీద పడుగు అయిపోయినప్పుడు పాత పోగు కొసనూ కొత్త పోగు కొసనూ కలిపి, నులిమి అతకాలి. ఒకటా రెండా, నాలుగు వేల పైచిలుకు పోగులు. దాన్నే అచ్చు అతకడం అంటారు. పట్టుపోగు తడి వేలికి నిలవదు, చెమట వేలికి నిలవదు. బూడిద వేలికే నిలుస్తుంది. యశోదమ్మ వచ్చి అతికితే తప్ప ఆ వీధిలో మగ్గం కదలదు.

"విబూది పెట్టినావు సరే, ఒక టెంకాయ గూడా కొట్టు యశోదా. మిషను వరమిస్తాది," అన్నాడు వెనక వరసలోంచి ఎర్రప్ప. పట్టుకు రంగులద్దే ముసలాయన. మోచేతుల దాకా నీలం, ఎరుపు దిగిపోయి ఉంటాయి. వరస నవ్వింది.

గిరిధర్ నవ్వలేదు. అద్దం తుడిచాడు. యశోదమ్మ బొటనవేలు తన రుమాలుతో తుడిచి, తనే పట్టుకుని అద్దం మీద నొక్కాడు. ఎర్ర లైటు. రెండో బొటనవేలు. ఎర్ర లైటు. చూపుడువేళ్ళు రెండూ. ఎర్ర లైటు, ఎర్ర లైటు. ఆ వేళ్ళ కొసలు నది రాళ్ళలాగా నున్నగా ఉన్నాయి. గీతలన్నిటినీ పోగులు తిని కూర్చున్నాయి.

"కన్ను చూపించవ్వా," అని కెమెరా తీశాడు.

"అవ్వ ఎవరప్పా నీకు? నాకింకా అరవై రాలే."

"కన్ను పెద్దగా తెరువమ్మా."

తెరిచింది. కుడికంటి నల్లగుడ్డు మీద బియ్యం కడిగిన నీళ్ళ రంగులో పొర. ఎడమకంటికి అంతకంటే కొంచెం పలుచగా. కెమెరా రెండుసార్లు మిటకరించి మానుకుంది.

"మ్యాచ్ కాలేదు. ఇంక ఫోను ఒక్కటే దారి. ఆధార్‌లో ఉండే నంబరుకు ఓటీపీ పోతాది. చివర నలభైనాలుగు పదిహేడు. నీదే గదా?"

"అది మా ఆయన బతికినప్పుడు తీసిచ్చిన సిమ్ము. అది పోయి నాలుగేండ్లాయ. ఈ సిమ్ము వేరే."

"అయితే ఆ నంబరు మార్పించుకొని రామ్మా."

"మారుస్తారా?"

"మారుస్తారు. వేలిముద్ర వేయాల్ల."

వరసలో మళ్ళీ నవ్వు లేచింది గాని ఈసారి సగంలోనే ఆగిపోయింది. యశోదమ్మ చేతిలోని చీటీ టేబుల్ మీద పెట్టింది. హిందూపురం కంటి ఆస్పత్రి వాళ్ళు క్యాంపులో చూసి రాసిచ్చిన చీటీ. శనివారం ఆపరేషను. శుక్రవారం సాయంత్రం లోపల ఆరోగ్య కార్డులో ఆమె పేరు ఎదురుగా పచ్చ గుర్తు పడాలి. పడకపోతే వరస తప్పుతుంది. మళ్ళీ పిలిచేది ఎప్పుడో ఎవరికీ తెలియదు.

"చూడు నాయనా. కన్ను బాగు చేయించుకునేదానికి కన్ను చూపించమంటాండావు. అది బాగుంటే నాకు ఆస్పత్రితో ఏం పని?"

"నేనేం చేయాల్లమ్మా? మిషను ఒప్పుకోల్య. నేను ఒప్పుకుంటే సరిపోతాదా? పక్కకు జరుగు, వెనక జనముండారు."

గిరిధర్ చెడ్డవాడు కాడు. తలుపుల అనే ఊరి నుంచి వచ్చి గది తీసుకుని ఉంటున్న కుర్రాడు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే మూత్రానికి లేవడానికి కూడా తీరిక లేదు. ముప్పై పథకాలు, ఒక్క మిషను, ఒక్క మనిషి. ఆ మనిషికి పైనుంచి గంటకోసారి ఫోను: ఎన్ని అయినాయి, ఎన్ని అయినాయి అని. ఎవరికి కాలేదని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు.

యశోదమ్మ పక్కకు జరిగింది. అక్కడ మూలలో నిలువెత్తు పెట్టె ఒకటి ఉంది. ప్రజలు తమ పనులు తామే చేసుకోవాలని మునిసిపాలిటీ కొన్న టచ్ స్క్రీన్ పెట్టె. రిబ్బను కత్తిరించిన రోజు వేసిన బంతిపూల దండ ఎండిపోయి దాని మెడలోనే ఉంది. దుమ్ము పడకుండా పైన పాత దుప్పటి కప్పారు.

*

మరుసటి రోజు మంగళవారం, కౌన్సిలరు మంజులత ఇంట్లోనే అచ్చు అతికే పని పడింది. మంజులత పదవిలో ఉన్నా మగ్గం ఆపలేదు. మగ్గం మీద కూర్చునేది భర్త కుళ్ళాయప్ప. ఉండలు చుట్టేది, జరీ సర్దేది ఆమె. మీటింగు ఉన్న రోజు చీర మార్చుకుని పోతుంది, వచ్చి మళ్ళీ రాట్నం ముందు కూర్చుంటుంది.

యశోదమ్మ మగ్గం వెనక బాసిపట్టు వేసుకుని కూర్చుంది. ఎడమచేతి వేళ్ళ సందున పాత పోగుల కొసలు, ఎదురుగా కొత్త పడుగు. పాతది ఒకటి లాగి, కొత్తది ఒకటి లాగి, కొసలు జత చేసి, బూడిద వేళ్ళ మధ్య ఒక్క నులుపు. వెనక్కి మడిచి ఇంకో నులుపు. వదిలేయడం. కన్ను చూసేలోపు వేలు ముగించేస్తుంది.

"ఆ నంబరు యాడన్నా రాసుండాదా అత్తా?" మంజులత అడిగింది. నిన్న ఆఫీసులో జరిగింది వీధి మొత్తానికీ తెలిసిపోయింది.

"గ్యాసు పుస్తకం అట్ట మీద ఆయనే రాసిపెట్టినాడు. సంచిలో ఉండాది, చూడు."

మంజులత నంబరు నొక్కి, అందరికీ వినపడేలా ఫోను కింద పెట్టింది. నాలుగు రింగుల తర్వాత అవతల ఒక ఆడగొంతు, వెనక బస్సుల హారన్లు.

"ఎవురు?"

"అమ్మా, నేను ధర్మవరం నుంచి కౌన్సిలరు మంజులత మాట్లాడతాండా. మీ ఫోనుకు ఒక ఓటీపీ వస్తాది, అది మాకు చెప్తే..."

"కౌన్సిలరా! మొన్న బ్యాంకు మేనేజరు, నిన్న పోలీసాయన, ఈపొద్దు కౌన్సిలరు. మీకందరికీ నా ఇడ్లీ బండే కనపడిందా? పెట్టు ఫోను, సిగ్గులేనిదానా!"

టక్కున పెట్టేసింది. కుళ్ళాయప్ప పగలబడి నవ్వాడు. "ఐదేండ్లకోసారి జనం అనాల్సిన మాట, ఆమె ముందే అనేసినాది."

అదే సమయానికి వీధిలోకి మునిసిపాలిటీ ఆటో వచ్చింది. పైన మైకు. "ప్రజలకు విజ్ఞప్తి. మీ ఓటీపీని ఎవరికీ చెప్పకండి. ఎంత పెద్ద అధికారి అడిగినా చెప్పకండి."

"ఇంగ ఆమెను తిట్టేదేముంది మంజులా," అంది యశోదమ్మ. "మీరు చెప్పినట్టే వినినాది. ఫోను ఇట్లియ్యి, నేను మాట్లాడతా."

ఈసారి అవతల గొంతు ఎత్తగానే తిట్టబోయింది గాని యశోదమ్మ ముందే అందుకుంది. "ఓ యమ్మా, నాకు కౌన్సిలరు పని తెల్దు. నా పేరు యశోదమ్మ. నీ దగ్గరుండే నంబరు ఒకప్పుడు నాది."

అవతల ఇడ్లీ పాత్ర మూత చప్పుడైంది.

"యశోదమ్మవని నాకెట్ల తెల్యాల్ల?" కొంచెం తగ్గిన గొంతు. "నోరుండే ప్రతి ఒక్కరూ యశోదమ్మే. పెనుకొండ బస్టాండు ఎదురుగా మరియమ్మ ఇడ్లీ బండి అంటే ఎవరైనా చూపిస్తారు. మనిషొచ్చి కనపడు. అప్పుడు మాట్లాడదాం."

"వస్తా," అంది యశోదమ్మ. మళ్ళీ పోగుల్లోకి వంగింది.

మధ్యాహ్నానికి అంచు దాటి చీర ఒంట్లోకి వచ్చింది పని. కుళ్ళాయప్ప మంచినీళ్ళు తాగడానికి లేచి, పడుగు వైపు ఒకసారి చూసి, చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. పైన వేలాడే బల్బును తీగ వదులుచేసి యశోదమ్మ తల దగ్గరికి దించాడు.

ఆ దించడంతోనే ఆమెకు అర్థమైంది. చేతులు ఆపింది.

"దాటినాయా?"

"కొన్ని అత్తా."

"ఎన్నో చెప్పు."

"పదకొండు. అంచు మెరూను పోగులు ఒంట్లోకి వచ్చినాయి."

అంచు మెరూను, ఒళ్ళు నేరేడు. ఆ రెండు రంగులూ ఆమె కంటికి ఇప్పుడు ఒకటే చీకటి. అట్లాగే నేసి ఉంటే చీర పొడవునా పదకొండు గీతలు, చీర మొత్తం పాడు. యశోదమ్మ ఒక్కో ముడీ గోటితో విప్పింది. అతికేదాని కంటే విప్పేదానికి నాలుగింతల సమయం పట్టింది. మంజులత వచ్చి పక్కన కూర్చుని ఏ పోగు ఏ రంగో చెబుతూ పోయింది. ఆమె చెప్పినట్టల్లా యశోదమ్మ తలూపింది. నలభై ఏళ్ళలో ఇంకొకరు రంగు చెప్పగా ఆమె పోగు పట్టింది అదే మొదటిసారి.

"మీరు గాబట్టి బల్బు దించినారు," అంది చివరికి. "ఇంకోరైతే ఇంకోర్ని పిలుస్తారు."

*

బుధవారం పొద్దున బస్సు పెనుకొండలో ఆగేసరికి మరియమ్మ బండి చుట్టూ జనం. యాభై ఏళ్ళ మనిషి, మెడలో సన్నటి శిలువ, చేతులకు పిండి. యశోదమ్మ జనం తగ్గేదాకా బండి పక్కన నిలబడింది.

"ఎన్ని ఇడ్లీలు?"

"నేను యశోదమ్మ."

మరియమ్మ గరిటె పక్కన పెట్టింది. తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "ఒకటి అడుగుతా, చెప్పు. ఎండాకాలం రెండు నెల్లు రేషను బియ్యం ఏంటికి తీసుకోలేదు?"

యశోదమ్మ నోరెళ్ళబెట్టింది. "నీకెట్ల తెల్సు?"

"ముందు చెప్పు."

"నా కొడుకు బాలాజీ పనికని బెంగుళూరికి పోయిండె. మా ఇంట్లో మిషను మీద పడే వేలు వానిదొక్కటే. వాడు లేకుంటే మాకు బియ్యం లేవు."

"దేవా," అంది మరియమ్మ. బండి కింది నుంచి స్టూలు లాగి, కొంగుతో తుడిచింది. "కూర్చోక్కా. కంపెనీవాళ్ళు ఈ నంబరు నాకిచ్చినప్పటినుంచి నీ మెసేజీలన్నీ నాకే వస్తాండాయి. యశోదమ్మ గారూ, మీ బియ్యం ఇచ్చినాము. యశోదమ్మ గారూ, మీ చక్కెర ఇచ్చినాము. నేను కూడబలుక్కొని చదువుకుంటాంటి. రెండు నెల్లు ఏమీ రాలే. ఈ యశోదమ్మ సచ్చిపోయిందేమో అనిపించినాది. ఆదివారం చర్చిలో నీ పేరు చెప్పి ప్రార్థన చేయించినా."

"నేనెవరో నీకు తెల్దు గదమ్మా."

"తెల్దు. అయినా నెలనెలా వస్తాంటివి గదా."

యశోదమ్మ నవ్వబోయింది, నవ్వు రాలేదు. పొర కమ్మిన కంట్లోంచి కూడా నీళ్ళు మామూలుగానే వస్తాయి.

"పోయిన నెల కందిపప్పు ఏమి, వద్దనుకుంటివా?" అంటూనే మరియమ్మ ప్లేటులో మూడు ఇడ్లీలు వేసి, వేరుశెనగ చట్నీ పోసింది. "తిను. తినేదాకా ఏ ఓటీపీ లేదు."

తింటూ యశోదమ్మ తన కంటి సంగతంతా చెప్పింది. తిన్నాక తన ఫోనులోంచి గిరిధర్‌కు చేసింది. పంపుతున్నానన్నాడు. మరియమ్మ ఫోను టింగుమంది. సరిగ్గా అప్పుడే బెంగుళూరు బస్సు దిగిన పదిమంది బండి మీద పడ్డారు. మరియమ్మ పిండి చేత్తో ఫోను మీద నొక్కితే తెర కదలలేదు. తుడిచి నొక్కితే ఇంకేదో తెరుచుకుంది. నంబరు దొరికేసరికి గిరిధర్ అన్నాడు: "టైమైపోయిందమ్మా. మళ్ళా పంపల్ల. ఈడ వరస ఉండాది, బిరబిరా చెప్పండి."

"వరస ఉంటే ఉండనీ నాయనా," మరియమ్మ యశోదమ్మ చేతిలోని ఫోనులోకి వంగి అరిచింది. "ఈడ నా వరసలో గూడా పదిమంది ఉండారు. వాళ్ళు నిలబడలే?" జనం వైపు తిరిగింది. "రెండు నిమిషాలు ఆగండప్పా. ఈ అక్కకు కన్ను తెప్పించల్ల."

ఇడ్లీ కోసం వచ్చిన పదిమందీ ఆగారు. ఒక డ్రైవరు మరియమ్మ చేతుల మీద నీళ్ళు కూడా పోశాడు.

రెండోసారి మెసేజి వచ్చింది. మరియమ్మ ఫోను గుండెకు ఆనించుకుంది. "ఆ పిల్లోనికి మాత్రం నేను చెప్పను. అతడెవరో నేను చూడలే. నీకు చెప్తా, నువ్వు చెప్పుకో." యశోదమ్మ చెవి దగ్గరికి వంగి, ఒక్కో అంకె గుసగుసగా చెప్పింది. యశోదమ్మ ఆరు అంకెలూ వరస తప్పకుండా ఫోనులో అప్పజెప్పింది. ఆ తర్వాత ఎవరూ కదల్లేదు. ఇడ్లీ పాత్ర మూత కింద ఆవిరి బుసకొట్టింది.

"పడిందమ్మా," అన్నాడు గిరిధర్. "పచ్చ గుర్తు పడింది."

డ్రైవరు చప్పట్లు కొట్టాడు. ఎందుకో తెలియకుండానే ఇంకో ఇద్దరు కొట్టారు.

"అయితే ఒక మాట," గిరిధర్ గొంతు మళ్ళీ వచ్చింది. "శనివారం ఆస్పత్రిలో చేరేటప్పుడు గూడా ఓటీపీ అడుగుతారు. ఆ నంబరుకే పోతాది."

యశోదమ్మ ఫోను కిందికి దించింది. మరియమ్మ చట్నీ గిన్నె మీద మూత పెడుతూ అంది: "అంత మొహం ఏంటికి వేలాడేసినావు? శనివారం నీ బస్సు ఈడ ఆగదా? నేనెక్కుతా. సోమందేపల్లి దాటితే హిందూపురమే."

"బండి?"

"బండి ఒకరోజు పడుకుంటాది."

*

ధర్మవరంలో దిగి యశోదమ్మ ఇంటికి పోలేదు. నేరుగా మంజులత గడపలో నిలబడింది.

"అయిందా అత్తా?" మంజులత ఆనందంగా లేచింది.

"నాది అయినాది. నీది కాలేదు."

"నాదేంది?"

"పెనుకొండలో ఇడ్లీలమ్మే ఆమెకు నేనెవరో తెల్దు. పదిమందిని నిలబెట్టి నా పని చేసినాది. మీ ఆఫీసులో నన్ను పక్కకు జరగమన్నారు. పక్కన ఏముండాది? దుప్పటి కప్పిన పెట్టె. దండేసినారు దానికి, సచ్చినోళ్ళకు వేసినట్టు. పెట్టె కొనొచ్చిరి గదా మంజులా, దాని పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టలేకపోతిరా? వారానికొక పూట. ఓపికుండే మనిషిని. పని అయిందాక పొమ్మనని మనిషిని."

మంజులత మొహం ఎర్రబడింది. ఆ పెట్టెకు రిబ్బను కత్తిరించిన చేయి ఆమెదే. ఫోటో గోడ మీదే ఉంది. కుళ్ళాయప్ప మగ్గం ఆపి, గోడ మీది ఫోటో వైపు చూడకుండా ఉండడానికి బాగా కష్టపడ్డాడు.

"నీ ఒక్కదానికే ఇట్ల అయినాది అనుకున్నా అత్తా," అంది మంజులత.

"నా ఒక్కదానికేనా? దా నాతో."

గురువారం సాయంత్రం ఆఫీసు మూశాక ముగ్గురు వీధిలో నడిచారు. ముందు యశోదమ్మ, వెనక నోటుపుస్తకంతో మంజులత, ఆ వెనక సంచిలో మిషను పెట్టుకుని గిరిధర్. మొదట గిరిధర్ రానన్నాడు. మిషను బయటికి తేకూడదన్నాడు. "కౌన్సిలరు సంతకం పెట్టి అడుగుతాండా," అని మంజులత కాగితం రాసిస్తే వచ్చాడు.

యశోదమ్మ ఏ ఇంట్లో ఎవరున్నారో తలుపు తట్టే ముందే చెప్పింది. రాట్నం తిప్పి తిప్పి వేళ్ళరిగిన సుంకమ్మ. రంగునీళ్ళలో చర్మం ఒలిచిపోయిన ఎర్రప్ప. ఫోనున్నా దాన్ని పూజగదిలో పెట్టి బొట్టు పెట్టే పుల్లన్న భార్య. ఎర్ర లైటు, ఎర్ర లైటు. గిరిధర్ ఈ ఎర్ర లైట్లన్నీ ఆఫీసులో చూసినవే. కానీ అక్కడ ఒక్కొక్కరు ఒక్కో రోజు వచ్చారు. పక్కకు జరిగి పోయారు. ఇక్కడ వరసగా, ఒకే వీధిలో, తలుపు తర్వాత తలుపు.

సుంకమ్మ ఇంట్లో మగ్గం మీద అతకాల్సిన పోగులు కొన్ని మిగిలి ఉన్నాయి. "కూర్చో నాయనా," అంది యశోదమ్మ. డబ్బీ తెరిచి అతని వేళ్ళకు బూడిద రాసింది. "ఒకటి అతుకు."

గిరిధర్ నేల మీద కూర్చున్నాడు. పోగు దొరకలేదు. దొరికితే జారింది. జారకపోతే తెగింది. చొక్కా వీపంతా చెమట. ఏడోసారికి ఒకటి నిలిచింది. దాన్ని చూసుకుంటూ ఉంటే యశోదమ్మ అంది: "ఇట్లాంటివి రోజుకు నాలుగు వేలు."

అతను తన బొటనవేలి కొస లైటు కింద తిప్పి చూసుకున్నాడు. గీతల సందుల్లో బూడిద దిగింది. పుస్తకంలో మంజులత రాసుకున్న లెక్క ఆ ఒక్క వీధికే ముప్పై ఏడు మంది.

"ఎక్సెప్షన్ అని ఒక ఫారం ఉండాది మేడం," అన్నాడు తల ఎత్తకుండా. "వేళ్ళు, కన్ను పడనోళ్ళకు. పైన మీ సంతకం, కింద సాక్షి సంతకం. అది పెట్టి పంపితే వేలు లేకుండానే నంబరు గూడా మార్చచ్చు. నేనింతవరకు ఎవరికీ నింపలే."

"ఏంటికి?"

"ఒక్కోదానికి అరగంట పడతాది. నాకు అరగంట యాడుండాది మేడం?"

శుక్రవారం కౌన్సిలు మీటింగులో ఇంకో పది పెట్టెలు కొనే విషయం ఉంది. మంజులత లేచి ముప్పై ఏడు పేర్లూ చదివింది. ఒకాయన ఆవలించాడు, ఇంకొకాయన టీ తెమ్మన్నాడు. ఆమె కూర్చోలేదు, రెండోసారి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. మూడోసారి చదువుతుందేమోనని భయపడి ఒప్పుకున్నారు: ప్రతి బుధవారం ఈ ఫారాలు నింపడమే, ఆ రోజు గిరిధర్‌కు వేరే పని లేదు, ఎన్ని అయినాయని పైనుంచి ఫోను రాదు. ఇదంతా కుళ్ళాయప్ప వచ్చి యశోదమ్మకు చెప్పాడు. "నా పెండ్లామును నేనే గుర్తుపట్టలే అత్తా," అన్నాడు.

*

శనివారం హిందూపురం ఆస్పత్రి కౌంటరులో మరియమ్మ చెవిలో చెప్పింది, యశోదమ్మ అప్పజెప్పింది. మధ్యాహ్నానికి కుడికంటి ఆపరేషను అయిపోయింది. ఆదివారం పొద్దున కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి, నెల రోజులు సూక్ష్మమైన పని వద్దన్నారు.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నప్పుడు యశోదమ్మ అద్దాలు కొంచెం ఎత్తి, మరియమ్మను చూసింది. బాగా చూసింది.

"ఏమి అట్ల చూస్తాండావు?"

"నువ్వు ఇంత నల్లగా ఉండావా! మొన్న నాకు తెల్లగా కనపడితివి."

"నీ పొర తెల్లదనం అది," మరియమ్మ ఆమె చేతిమీద ఒకటి వేసింది. కాసేపయ్యాక నవ్వు ఆపి అంది: "అక్కా, ఆ నంబరు మార్పించుకో."

"ఏం, విసుగొచ్చినాదా?"

"విసుగు కాదు. రెండో కన్ను ఉండాది. ఆ రోజు నాకు జ్వరమొస్తే? ఫోను పోతే? నేను సచ్చిపోతే నీకు బియ్యం నిలబడిపోవాల్నా? నా మంచితనం మీద నీ కార్డు ఏంటికి ఆధారపడల్ల? అది నీది. నీ దగ్గరే ఉండల్ల."

యశోదమ్మ అద్దాలు కిందికి దించుకుంది. "అప్పుడు నా మెసేజీలు నీకు రావు గదా."

"రాకపోతే మనిషివి రా. ఇడ్లీ ఉండాది."

*

బుధవారం పది గంటలకు వార్డు ఆఫీసు వరండాలో ఒక బల్ల వేశారు. బల్లకు అటు గిరిధర్, ఇటు రెండు కుర్చీలు. జనం ముందే వచ్చేశారు. ఎర్రప్ప, సుంకమ్మ, పుల్లన్న భార్య, వాళ్ళ వెనక ఇంకా. నిలబడలేని వాళ్ళ కోసం మంజులత ఎవరింట్లోంచో చాపలు తెప్పించింది.

నల్లద్దాలతో వచ్చిన యశోదమ్మను చూసి ఎర్రప్ప ఊరుకుంటాడా? "సినిమా ఆమె వచ్చినాది, దారి వదలండప్పా!"

"నీ నీలం చేతులు ఇప్పుడు బాగా కనపడతాండాయి ముసలోడా. కడుక్కొని రావాల్ల," అంది యశోదమ్మ.

మొదటి ఫారం ఆమెదే. గిరిధర్ పేరు రాశాడు, ఊరు రాశాడు. ఆమె తన ఫోను నంబరు చెబితే రెండుసార్లు తిరిగి చదివి వినిపించాడు. కారణం అన్న గడిలో ఏం రాయాలో ఒక్క క్షణం ఆలోచించి, "పట్టు పోగులు అతికే పని" అని రాశాడు. మంజులత పైన సంతకం పెట్టింది.

"సాక్షి ఎవరు?" అంది మంజులత.

ముందున్న సుంకమ్మ చేయి చాపింది. గిరిధర్ ఫారం తిప్పి చదివాడు. "సాక్షికి వేలిముద్ర మ్యాచ్ అయి ఉండల్ల మేడం."

చాపల మీద కూర్చున్న వాళ్ళు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. కొడుకు బాలాజీ పనికి పోయాడు, ఉన్నా ఇంటి మనిషి పనికిరాడు. కుళ్ళాయప్ప కౌన్సిలరు భర్త, అతనూ పనికిరాడు. యశోదమ్మ అద్దాలు తీసి కొంగుతో తుడిచింది. "మళ్ళా పక్కకు జరగల్నా నాయనా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

గిరిధర్ ఫారం తన వైపు లాక్కున్నాడు. మిషను మీద తన బొటనవేలు పెట్టాడు. పచ్చ లైటు. కింద గడిలో తన పేరు రాశాడు. ఆ పక్కన, ఈ వ్యక్తి మీకు ఎట్లా తెలుసు అన్నచోట, పెన్ను ఆగింది.

"ఏం రాస్తాండావప్పా?" యశోదమ్మ బల్ల మీదికి వంగింది.

గిరిధర్ రాసి, కాగితం ఆమె వైపు తిప్పాడు. యశోదమ్మ కొత్త కంటికి ఆనించి, ఒక్కో అక్షరమూ తనే చదువుకుంది.

'వాళ్ళ వీధికి పోయి చూసినాను.'